డమ్మీ అభ్యర్థి

"చెయ్యి కడుక్కొని రా. సంతకం పెట్టాలె," అన్నాడు గౌరయ్య, వంటింటి గడప అవతలి నుంచే.

జయమ్మ చేయి ఆపలేదు. జొన్నరొట్టెను సగం తట్టి వదిలేస్తే అంచులు పగులుతాయి. పైగా వాకిట్లో కూర్చున్నవాళ్లంతా ఆకలి మీద ఉన్నారు. పంచాయతీ ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఆరింది లేదు. పొద్దున చాయ్, పగలు అన్నం, సాయంత్రం రొట్టెలు, కోడికూర. వచ్చేవాళ్లు మారుతున్నారు గాని వండే చేయి మారడం లేదు. ఐదేళ్లుగా ఆమె సంతకాలన్నీ ఇలాగే, ఏదో ఒక పని మధ్యలో, తడిచేయి కొంగుకు తుడుచుకొని పెట్టినవే.

"ఏం సంతకం?" అంది రొట్టెను పెనం మీద వేసి.

"నామినేషన్‌ది."

అప్పుడు తలెత్తి చూసింది. గుండ్లగడ్డ సర్పంచి పదవిని పోయినసారి, రెండువేల ఒకటిలో, ఆడవాళ్లకు కేటాయించారు. అందుకని గౌరయ్య ఆమెను నిలబెట్టాడు, గెలిపించాడు, ఐదేళ్లూ తానే సర్పంచిగిరీ చేశాడు. ఈసారి ఆ కేటాయింపు లేదు. కాబట్టి తానే నిలబడుతున్నాడు. ఇందులో జయమ్మ పని రొట్టెల వరకే అని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"నువ్వు నిలబడుతున్నవ్ గదా. నాదెందుకు?"

గౌరయ్య వెనకాల నిలబడ్డ శేఖర్ నవ్వాడు. అతను గౌరయ్యకు చిన్నాయన కొడుకు, కుడిభుజం. "డమ్మీ వదినా, డమ్మీ! అన్న కాగితంల ఏదన్న తప్పు బడి కొట్టేసిండ్రనుకో, మనింటి పేరు ఇంకోటి ఉండాలె గదా. అంతా బాగుంటే నీది వాపస్ తీస్కునుడే. జీపుకు స్టెప్నీ టైరు ఉంటది సూడు, గట్ల."

వాకిట్లో వాళ్లకు ఆ మాట బాగా నచ్చింది. నవ్వులు గడప దాటి లోపలికి వచ్చాయి. గౌరయ్య కూడా నవ్వి, "ఐదేండ్ల సంది డమ్మీనే గదరా. కొత్తగ నేర్పేదేముంది దీనికి," అన్నాడు.

"జల్దీ పెట్టిపో బిడ్డా, రొట్టె మాడుతాంది," అంది మూల కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్న అత్త సిద్దమ్మ.

జయమ్మ చేయి కడుక్కుంది. కాగితం తీసుకుంది. ఈసారి మాత్రం సంతకం పెట్టే చోటు వెతకకుండా మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. పదో తరగతి పాసైన మనిషి. చదువు రాక కాదు, చదివేంత సేపు ఆమె చేతిలో ఎవరూ కాగితం ఉంచలేదు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి పనికిరారన్న సంగతి దగ్గర ఆమె కన్ను ఆగింది. ఆ చట్టం ఊళ్లో అందరికీ తెలిసిందే. తొంభై ఐదు తర్వాత మూడో బిడ్డను కన్నవాళ్లు వార్డు మెంబరుగా కూడా నిలబడలేరు.

"గంత సేపు ఏం జదువుతున్నవే? పరీక్ష రాస్తున్నవా?" అన్నాడు గౌరయ్య. "పిల్లలు ఇద్దరని నేనే రాసిన. నీదాంట్ల, నాదాంట్ల."

జయమ్మ సంతకం పెట్టి కాగితం ఇచ్చేసింది. తిరిగి పొయ్యి ముందు కూర్చుంది. రొట్టె ఒక పక్క నల్లబడింది. దాన్ని తన కోసం పక్కన పెట్టుకుంది.

డమ్మీ. ఆ మాట ఆమెకు కొత్త కాదు, గౌరయ్య చెప్పినట్టే. గెలిచిన మొదటి ఏడాది ఆగస్టు పదిహేనున, జెండా ఎగరేసేది సర్పంచే కదా అని, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకొని బడికి పోయింది. తాడు గౌరయ్య లాగాడు. ఆమె చేతికి చాక్లెట్ల పళ్లెం ఇచ్చి, పిల్లలకు పంచమన్నారు. పంచింది. పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీలో గౌరయ్య కూర్చునేవాడు, ఆమె గోడవార బెంచీ మీద. మండల ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే, "అమ్మా, జర చాయ్ పెట్టించుండ్రి," అనేవాళ్లు, సర్పంచితోనే. ఊరంతా గౌరయ్యను "సర్పంచ్ సాబ్" అని పిలిచేది. ఒకనాడు కూతురు హర్షిత బడి నుంచి వచ్చి, "అమ్మా, సర్పంచి నువ్వా, నాయినా? మా టీచర్ అడిగింది," అంటే, జయమ్మ "పోయి కాళ్లు కడుక్కో," అంది.

ఇవన్నీ ఆమె మింగింది. మింగలేనిది ఒకటి జరిగింది. ఊరి కంచె, అంటే బర్లు, మేకలు మేసే బీడు, మెల్లగా ప్లాట్ల కిందికి పోయింది. రాళ్లు పాతారు, రోడ్లు గీశారు, రంగు జెండాలు కట్టారు. అది పంచాయతీకి అక్కర్లేని జాగా అని రాసిన కాగితం మీద సంతకం జయమ్మది. ఏ రోజు ఏ పని మధ్యలో పెట్టిందో ఆమెకు గుర్తు కూడా లేదు. బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపి, "మా బర్ల నోటికాడిది అమ్ముకున్నది," అన్నారు, ఆమె వినేలాగే. ఎవరో పైకి ఫిర్యాదు పంపారు. పైఅధికారి ఆమెను పిలిపించాడు. కుర్చీ చూపించలేదు. "కళ్లు మూసుకుని సంతకాలు పెడతావా? సిగ్గుందా? సంతకం నీదే కదమ్మా!" అన్నాడు గదిలో అందరి ముందు. ఆమె నిలబడే ఆ తిట్లన్నీ పడింది. బయట జీపు నీడలో గౌరయ్య చెరుకురసం తాగుతున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, "గా మాత్రం తిట్లు పడాలె. సర్పంచివి గదా," అన్నాడు. శేఖర్ ముందు సీట్లోంచి నవ్వాడు.

ఆ రోజు జయమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి వంట చేసింది. కాని ఆ రోజు నుంచి ఆమె లోపల ఒకటి మొదలైంది. గౌరయ్య అన్నం తింటుంటే ఆ దవడలు కదలడం చూసేది. గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఆ ముఖం చూసేది. ఈ ముఖం నలుగురిలో, కుర్చీ లేకుండా, నిలబడి తిట్లు తింటే ఎలా ఉంటుందో ఊహించుకునేది. అలా ఊహించుకోవడంలో ఎంత సుఖం ఉందో తెలిసి మొదట భయపడింది. తర్వాత ఆ భయం పోయింది. సుఖం మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఆయనే ఆమె చేతికి దారి అందించాడు.

ఎందుకంటే గౌరయ్యకు ఇద్దరు కాదు, ముగ్గురు పిల్లలు. షామీర్‌పేటలో బట్టలు కుట్టే దుర్గాబాయికి ఒక కూతురు ఉంది, ఎనిమిదేళ్లది, పేరు శృతి. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పైకి అనేవాళ్లూ లేరు. జయమ్మకు తెలిసిన తీరు వేరు. ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు అత్త సిద్దమ్మ, "సుట్టాలింట్ల పురుడున్నది, గారెలు జెయ్యి బిడ్డా," అంది. జయమ్మ పప్పు రుబ్బి, గంప నిండా గారెలు వండి ఇచ్చింది. అవి దుర్గాబాయి ఇంట్లో ఉయ్యాల వేసిన నాటి వంటలని నెల తర్వాత తెలిసింది. అత్తను అడిగితే, "మొగోడన్నంక ఎటన్న పోతడు. రాత్రికి ఇంటికొస్తుండా లేదా, గది సూడు. గారెలు మాత్రం మస్తుగున్నయన్నరు అందరు," అంది. ఆ మెచ్చుకోలు జయమ్మ ఒంటి మీద ఇప్పటికీ వాతలా ఉంది.

సంతకం పెట్టిన మర్నాడు, జాకెట్లు కుట్టించుకోవాలని చెప్పి జయమ్మ ఆటో ఎక్కి షామీర్‌పేట పోయింది.

దుర్గాబాయి మిషన్ తొక్కడం ఆపి లేచి నిలబడింది. జయమ్మ కంటే చిన్నది, సన్నగా ఉంది, మెళ్లో టేపు వేలాడుతోంది.

"కొట్టనీకొస్తే ఎనిమిదేండ్ల కింద రావాల్సుండె అక్కా," అంది దుర్గాబాయి.

"కొట్టే ఓపికంత రొట్టెలు జేసుట్లనే అయిపోతున్నది," అంది జయమ్మ.

దుర్గాబాయి నవ్వబోయి ఆపుకుని, మిషన్ ముందున్న స్టూలు కొంగుతో తుడిచి వేసింది. "కూసో. చాయ్ పెడుత."

"వద్దు. నువ్వు గూడ కూసో. పిల్లేది?"

"బడికి పోయింది." దుర్గాబాయి నేల మీద కూర్చుంది. "బడిల ఏసిననాడు తండ్రి పేరు అడిగిండ్రు. ఏం జెప్పాలె అని మీ ఆయనను అడిగిన. సచ్చిండని రాయించు అన్నడు. గట్లనే రాయించిన. ఇంటికొస్తే మామ అని పిలవమంటడు. పిల్లకు అంత తెల్సు అక్కా. తెల్సే మామ అంటది."

దుర్గాబాయి మీద జాలి పడడానికి జయమ్మ రాలేదు. అయినా పడింది. అలా జాలి పడాల్సి వచ్చినందుకు కూడా కోపం వచ్చింది, అదీ గౌరయ్య మీదే.

"నామినేషన్లు చూసే దినం నలుగుర్ల నేను నీ బిడ్డ సంగతి జెప్త. నిన్ను అడుగక చెప్పొద్దని వచ్చిన. నీకు నామోషీ అయితదంటే ఊకుంట."

దుర్గాబాయి కిందికి వంగింది. రాలిన దారపు ముక్కలను ఏరి ఉండ చేసింది. "నామోషీ ఎప్పుడో అయింది. ఇగ కొత్తగ అయ్యేదేముంది?" అంది. తర్వాత తలెత్తి, "మరి నీకేమొస్తది అక్కా?" అని అడిగింది.

"సర్పంచిగిరీ," అంది జయమ్మ. "ఈసారి నాది నాకు."

న్యాయం కోసమనో, ఆ పిల్ల కోసమనో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆమెకు కుర్చీ కావాలి. కుర్చీతో పాటు ఆ ముఖం చూడాలి. రెండూ నిజమే.

నామినేషన్ల పరిశీలన పంచాయతీ ఆఫీసులోనే పెట్టారు. ఎన్నికల అధికారి చలపతిరావు మెత్తటి మనిషి, మాటకు ముందు కళ్లద్దాలు సర్దుకునే అలవాటు. అభ్యర్థులందరూ వచ్చారు. జయమ్మ కూడా అభ్యర్థే కాబట్టి, డమ్మీ అయినా సరే, ఆమెకూ లోపల చోటు ఉంది. ఎప్పటిలాగే గోడవార బెంచీ. కిటికీల నిండా జనం తలలు.

గౌరయ్య కాగితాలు తీయగానే అవతలి పక్షం అభ్యర్థి శంకరయ్య లేచాడు. "సార్, నాదొక మాట. గీనకు ముగ్గురు పిల్లలున్నరు. మూడో బిడ్డ తొంభై ఎనిమిదిల పుట్టింది. పోటీకి పనికిరాడు."

చలపతిరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఆధారం ఏమైనా ఉందా?"

"ఊరందరికి తెల్సు సార్. అడుగుండ్రి."

అడిగాడు. కిటికీల్లోని తలలు ఒకటొకటిగా పక్కకు తిరిగాయి. శంకరయ్య తెచ్చుకున్న మనిషే గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. గౌరయ్య కాలు మీద కాలు వేసుకుని నవ్వాడు.

"ఈ లొల్లంత ఎందుకు సార్? నా ఇంటిది ఈడనే ఉన్నది. నాకెంతమంది పిల్లలో దానికి తెల్వదా? జయా, లే. సార్‌కు జెప్పు."

ఆ గొంతులో అనుమానం లేదు. ఇరవై ఏళ్లలో ఆమె నోట ఒక్క ఎదురుమాట వినని మనిషి గొంతు అది. జయమ్మ లేచింది.

"నాకు ఇద్దరు పిల్లలు సార్," అంది.

గౌరయ్య, ఇక అయిపోయింది కదా అన్నట్టు చేయి ఊపాడు.

"ఆయనకు ముగ్గురు."

చలపతిరావు, "అమ్మా, ఆలోచించుకుని చెప్పండి," అన్నాడు.

"పిచ్చి లేసింది సార్ దీనికి!" గౌరయ్య లేచాడు. "నేను నిలబడుతున్ననని కండ్లల్ల నిప్పులు పోసుకుంటాంది. అబద్ధం, పచ్చి అబద్ధం!"

అక్కడితో ఆగితే భార్య మాటకు భర్త మాట సరిపోయేది. జయమ్మకు అది తెలుసు. ఇరవై ఏళ్లు ఆ మనిషికి అన్నం పెట్టింది. ఏ మాటకు ఊరుకుంటాడో, ఏ మాటకు ఊరుకోలేడో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తప్పు చేశాడంటే ఓర్చుకుంటాడు, నవ్వుతాడు. పిసినారి అంటే మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

"ఆ పిల్లకు ఎనిమిదేండ్లు సార్," అంది నెమ్మదిగా. "కన్నడు గాని సాదలే. ఏనాడు గింజ ఇయ్యలే, గుడ్డ ఇయ్యలే. తల్లీబిడ్డలు పస్తులుంటున్నరు. నీళ్లు తాగి పంటున్నరు."

"ఎవడే పస్తులు పెట్టింది?" గౌరయ్య మెడ నరాలు ఉబ్బాయి. "నెలకింత అని బియ్యం దించుతలేనా? మొన్న బతుకమ్మకు గౌను దేలేదా? జ్వరమొస్తే దవాఖానకు ఎవడు దీస్కపోయిండు? షామీర్‌పేటల ఎవల్నన్న అడుగు, గౌరయ్య బిడ్డను పస్తులు పెట్టిండంటరేమో..."

మాట అక్కడ తెగింది. కిటికీ దగ్గర ఎవరో ముసలావిడ పక్కున నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇగ నేను జెప్పేదేం లేదు సార్," అని శంకరయ్య కూర్చున్నాడు.

చలపతిరావు కలం మూత తీశాడు. గౌరయ్య ముఖం అప్పుడు జయమ్మ చూసింది. తనివితీరా చూసింది. ఊహించుకున్న దానికంటే చిన్నగా ఉంది.

గౌరయ్య నామినేషన్ చెల్లలేదు. జయమ్మది చెల్లింది. పోటీలో ఇక ఇద్దరే, శంకరయ్య, జయమ్మ.

బయట జీపు దగ్గర మనుషులు దూరదూరంగా నిలబడ్డారు. శేఖర్ ఒక్కడే ధైర్యం చేసి, "ఫికర్ జెయ్యకన్నా, డమ్మీ ఉన్నది గదా. ఎట్లయినా మనింట్లనే," అన్నాడు. ఆ మాటకు గౌరయ్య కళ్లలో లెక్క తిరగడం జయమ్మ గమనించింది. ఆమె గెలిస్తే మళ్లీ ఐదేళ్లు పాత పద్ధతే కదా అన్న లెక్క.

"ఇంటికి నడువు. నీ సంగతి ఇంట్ల జెప్త," అన్నాడు పళ్లు కొరుకుతూ.

"ఇంటికి పోకముందే మాట్లాడుదాం," అంది జయమ్మ. "వాపస్ తీస్కునేందుకు ఎల్లుండి దాక టైమున్నది. నేను వాపస్ తీస్కుంటే శంకరయ్య ఒక్కడే మిగులుతడు. కుర్సీల కూసున్న తెల్లారే కంచె సంగతి తవ్వుతడు."

"తవ్వనీ. సంతకాలు నీయి. లోపటికి పోయేది నువ్వే."

"పోత. తిట్లు పడలేదా, గది గూడ పడుత. కాని ఎవలు పెట్టుమంటే పెట్టిననో జెప్పే పోత. ఇయ్యాల జెప్పినట్టే."

గౌరయ్య ఆమెను మొదటిసారి చూసినట్టు చూశాడు. చేయి లేవబోయింది. ఆఫీసు మెట్ల మీద జనం ఉన్నారు. చేయి జేబులోకి పోయింది.

"ఏం గావాలె నీకు?" అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచి ఆ ప్రశ్న ఆ నోట వినలేదు. కూర ఏం వండాలో కూడా ఆయన చెప్పేవాడే గాని, ఆమెకేం కావాలో అడిగింది లేదు.

"నాకు ఓటెయ్యిమని ఇంటింటికి తిరుగు. నా పేరు జెప్పి అడుగు. రేపు పొద్దున కాలనీకి పోదాం. కబురు పెడుత, దుర్గాబాయి వస్తది. శృతి వస్తది. పిల్లెవలని ఎవలన్న అడిగితే జవాబు నువ్వే జెప్పాలె. చెప్పకుంటే, మధ్యాహ్నం పోయి వాపస్ తీస్కుంట."

ఆమె వాపసు తీసుకునేది లేదు. ప్రాణం పోయినా తీసుకోదు. అది గౌరయ్యకు తెలియదు. ఇరవై ఏళ్లలో ఆమె మనసులో ఏముందో తెలుసుకునే అవసరం అతనికి పడలేదు. ఇప్పుడు పడింది, సమయం చాలదు.

ఊరి పక్కన కొత్త కాలనీ వెలిసి నాలుగేళ్లయింది. ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. వాళ్ల ఓట్లు ఎటు పడితే గెలుపు అటు. కాలనీ సంఘం అధ్యక్షుడు పట్టాభిరామయ్య గేటు తీసి ఎదురొచ్చాడు.

"రండి రండి సర్పంచ్ గారూ!" అన్నాడు, గౌరయ్యతో. "ఈసారి తమరే నిలబడుతున్నారని విన్నామండీ."

గౌరయ్య గొంతు సవరించుకున్నాడు. జయమ్మ ఎదురు చూసింది.

"నేను గాదు సార్. ఈమె. జయమ్మ. ఈమెకే ఓటెయ్యాలె."

"అలాగా? అయినా ఎవరైతే ఏముంది లెండి, పని చేసేది తమరేగా..."

"పని నేను జేస్త సార్," అంది జయమ్మ. "మీ వీధికి నల్లా నీళ్లు దినం తప్పి దినం వస్తున్నయ్. వాల్వు ఇప్పేటాయన మా మరిదే, గీ శేఖరే, ఆయన లేసినప్పుడే నీళ్లు. గెలిచినంక ముందుగాల ఆయనను మారుస్త."

వెనక శేఖర్ నోరు తెరిచి, మూసుకున్నాడు. పట్టాభిరామయ్య ఆమె వైపు తిరిగాడు. "బాగా చెప్పారమ్మా. కూర్చోండి, కూర్చోండి," అని కుర్చీ ఆమెకు జరిపాడు. జయమ్మ కూర్చుంది. గౌరయ్య నిలబడ్డాడు.

పట్టాభిరామయ్య భార్య మంచినీళ్లు తెచ్చింది. ఎదురిళ్ల వాళ్లు కూడా గేటు దగ్గరికి చేరారు. దుర్గాబాయి గేటు బయటే, ఎండలో నిలబడింది. శృతి మాత్రం లోపలికి వచ్చింది, రెండు జడలు, బడి బూట్లు. నీళ్ల గ్లాసు అందిస్తూ ఆవిడ వంగి పిల్ల గడ్డం పట్టుకుంది.

"పాప ఎంత ముద్దుగా ఉందో! ఎవరమ్మాయమ్మా? మీ అమ్మాయా?"

"ఆయనను అడుగుండ్రి," అంది జయమ్మ.

అందరూ గౌరయ్య వైపు చూశారు. ఇది చూడడానికే ఆమె వచ్చింది. కాని కళ్లు ఆ ముఖం మీద నిలవలేదు. పిల్ల మీదికి పోయాయి. శృతి గ్లాసులోని నీళ్లు తాగడం మరిచిపోయి, గౌరయ్య పెదవులు కదులుతాయా లేదా అని చూస్తోంది. ఊపిరి బిగబట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల అంత జాగ్రత్తగా ఊపిరి బిగబట్టడం జయమ్మ ఎన్నడూ చూడలేదు. తన కసి ఇంకా అలాగే ఉంది, చల్లారలేదు. కాని దాని పక్కన ఇంకొకరు వచ్చి నిలబడినట్టయింది.

"నా..." అన్నాడు గౌరయ్య. నేల వైపు చూశాడు. "నా బిడ్డనే." ఆ మాట ఆయన మీసాల్లోనే ఆగిపోయింది.

జయమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"జర గట్టిగ జెప్పు," అంది. "గేటు కాడ నిలబడ్డోళ్లకు ఇనవడలే."